ద్వారబంధంలో దొరికిన అక్షరాలు: ఒక హీబ్రూ లేఖకుని సేవ గురించి

న్యూజెర్సీలోని హైలాండ్ పార్కులో మేము కొనుక్కున్న పాత ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు, వీధి గుమ్మానికి కుడివైపు ద్వారబంధం మీద, దాదాపు నా భుజమంత ఎత్తున, పెయింటు పొరల కింద వేలెడు పొడవున ఏదో ఉబ్బెత్తుగా ఉన్నదని పనివాడు నన్ను పిలిచి చూపించాడు. పై పొర కొంచెం గీకించి చూస్తే అది కాస్త ఏటవాలుగా బిగించిన సన్నని రేకు గొట్టం, దాని మీద మూడు కొమ్ముల హీబ్రూ అక్షరం 'షిన్'. అది యూదులు గుమ్మానికి బిగించే మెజూజా అని, లోపల చేతితో రాసిన చర్మపత్రం చుట్టి ఉంటుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ భాష మీది ఇష్టంతో ఏడాదిగా సాయంత్రం తరగతులకు వెళుతున్నాను. ఆ వారంలోనే అటక మీద ఒక అట్టపెట్టె కూడా బయటపడింది. అందులో వెన్ను ఊడిన ప్రార్థన పుస్తకాలు, ఒక మఖమలు సంచిలో తెఫిలీన్ (యూదులు ప్రార్థనలో చేతికి, తలకు కట్టుకునే తోలు పెట్టెలు) జత, ఒక కట్ట జిరాక్సు కాగితాలు, వాటితో కలిసిపోయిన పాత సమాచార పత్రికలు ఉన్నాయి.

నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. అయినా వీటిని చెత్తబండిలో వేయడానికి చెయ్యి రాలేదు, అలాగని ఏం చేయాలో తెలియనూ లేదు. చివరికి వాటిని ఒక సోఫెర్ దుకాణానికి తీసుకువెళ్ళాను. సోఫెర్ అంటే తోరా (యూదుల మూల ధర్మగ్రంథం) చుట్టలు, తెఫిలీన్, మెజూజాలు చేతితో రాసి, పాతవాటిని పరీక్షించి బాగుచేసే యూదు లేఖకుడు. మూడుసార్లు వెళ్ళిన తర్వాత ఆ సేవ ఎలా ఉన్నదో, నావంటి నమ్మకం లేని మనిషిని వారు ఎలా ఆదరించారో వివరంగా రాయాలనిపించింది. దుకాణం పేరు మాత్రం రాయడం లేదు. ఆయనే వద్దన్నారు. పేరు బయటికి వెళితే ముందుగా మాట్లాడకుండానే జనం పార్సెళ్ళు పంపుతారని, అవి వానలో గడప ముందు పడి ఉండటం తనకు ఇష్టం లేదని చెప్పారు. ఆ కారణం విన్నప్పుడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

మా నాన్నగారు విజయవాడలో నాస్తిక కేంద్రం సభలకు క్రమం తప్పకుండా వెళ్ళిన మనిషి. గోరాగారు 1940లో ముదునూరులో ప్రారంభించి, 1947లో విజయవాడకు తరలించిన ఆ సంస్థ మాటలు వింటూనే నేను పెరిగాను. మా ఇంట్లో దేవుడి గూడు లేదు, పండుగకు పూజ లేదు. కానీ ఎవరిదైనా సరే పుస్తకానికి కాలు తగిలితే నాన్నగారు వంగి తీసి, దుమ్ము దులిపి, అలమరలో పెట్టేవారు. కళ్ళకద్దుకునేవారు కాదు, దాటుకుని పోయేవారూ కాదు. ఆ అలవాటు నాకు వచ్చింది. అటక మీది పెట్టె ముందు కూర్చున్నప్పుడు నాకున్నది ఆ ఒక్క పెంపకమే, ఆ మతం నియమాలు కావు.

ఆ రోజుల్లో మా అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. పెట్టెలోని పుస్తకాన్ని ఒకటి తీసి కళ్ళకద్దుకుని, "చిరిగిపోయిన భాగవతాలు, రామకోటి పుస్తకాలు మనం కృష్ణలో కలుపుతాం కదమ్మా, ఇక్కడ కూడా ఏరు ఉంది కదా, అందులో వదిలేద్దాం" అన్నారు. రారిటన్ నది మా ఇంటికి దగ్గరే. ఆవిడ మాటలో ఉన్న గౌరవానికి నేను వంక పెట్టలేను. కానీ మన ఊళ్ళో గౌరవం అనుకున్నదే ఈ అక్షరాల విషయంలో సరిగ్గా చేయకూడని పని అవుతుందని నాకు తర్వాత తెలిసింది. యూదు ధర్మశాస్త్రంలో దేవుని పేరును చెరపడం నిషిద్ధం. నీటిలో వేస్తే సిరా కరుగుతుంది, అంటే పేరు చెరిగిపోతుంది. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో, భర్త అనుమానించిన స్త్రీ విషయంలో చెప్పిన ఒక క్రతువులో మాత్రం రాసిన మాటలను నీటిలో కడగమని ఉన్నది. దాన్ని అసాధారణమైన మినహాయింపుగానే పండితులు చెబుతారు. కాబట్టి ఇంకొకరి పవిత్ర వస్తువు చేతికి వచ్చినప్పుడు మన మర్యాదను దానికి అంటగట్టకుండా, ముందు వారి మర్యాద ఏమిటో అడగడం అవసరం. నేను ఆ దుకాణానికి వెళ్ళింది ప్రధానంగా ఆ అడగడం కోసమే.

అంతకు ముందు రెండుచోట్ల ప్రయత్నించాను. ఇల్లు అమ్మిన కుటుంబం వారసులకు ఏజెంటు ద్వారా కబురు పెడితే, తమకు అక్కర్లేదని, మీకు తోచినట్టు చేయమని జవాబు వచ్చింది. పాత వస్తువుల వ్యాపారి ఒకరు మెజూజాలోని చర్మపత్రాన్ని తీసి అద్దం కట్టిస్తే గోడకు బాగుంటుందని, కావాలంటే తానే కొంటానని అన్నారు. పాత తోరా చుట్టలను ముక్కలుగా కోసి ఫ్రేములు కట్టి అమ్మడం నిజంగా జరుగుతున్న వ్యాపారమే. ఇష్టమైన వాళ్ళు కొనుక్కుంటున్నారు కదా అని కొంతమంది అనవచ్చు, నేను ఒప్పుకోను. చదవడం కోసం రాసినదాన్ని, ఆ పని తీరాక మట్టిలో చేర్చాలని రాసినవారే నిర్ణయించుకున్నదాన్ని, చదవడం రాని మనం అలంకారంగా వేలాడదీయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

దుకాణానికి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఎత్తిన సహాయకుడు నేను ఏదో అమ్మడానికి చేస్తున్నాననుకుని పొడిగా మాట్లాడాడు. ఫోన్ లేఖకుని చేతికి వెళ్ళాక పరిస్థితి మారింది. ఆయన ముందుగా చెప్పిన జాగ్రత్తలు చాలా ఉపయోగపడ్డాయి. గొట్టాన్ని నేను తెరవకూడదు. దాని మీది పెయింటు కరిగించడానికి ఏ ద్రావకమూ వాడకూడదు. చిరిగిన పేజీలకు టేపు అంటించకూడదు. చెత్తకు వాడే నల్ల సంచిలో వేయకుండా, శుభ్రమైన గుడ్డ సంచిలో పెట్టి, దాన్ని ఇంకొక సంచిలో ఉంచి తీసుకురావాలి. కారులో కాళ్ళ దగ్గర కాకుండా సీటు మీద పెట్టుకోవాలి. స్నానాల గదిలోకి తీసుకువెళ్ళకూడదు. వీటిలో ఏదీ నమ్మకం ఉంటేనే చేయగలిగినది కాదు. ఆయన కూడా నా నమ్మకం గురించి అడగలేదు. నేనే చెప్పబోతే, "ఎవరి చేతిలో ఉన్నా దాని మర్యాద దానిదే, మీరు తీసుకురండి" అన్నారు.

దుకాణం మా ఇంటి నుండి కారులో అరగంట. ముందు గదిలో కొత్త మెజూజా గొట్టాలు, ప్రార్థన శాలువాలు, పిల్లల అక్షరమాల పటాలు అమ్మకానికి ఉంటాయి. వెనక గదిలో పని జరుగుతుంది. అక్కడ ఏటవాలు బల్ల, కత్తితో చెక్కిన ఈకలు, సిరా బుడ్డి, భూతద్దం, పక్కనే కంప్యూటరు స్కానరు ఉన్నాయి. వెళ్ళబోయే తెలుగువారికి ఒక మాట చెప్పాలి. ఆయన నాతో చేయి కలపలేదు, కుడిచేయి గుండె మీద పెట్టుకుని తల వంచారు. సంప్రదాయం పాటించే యూదు పురుషులు చాలామంది పరాయి స్త్రీలతో చేయి కలపరు, దానిలో చిన్నచూపు ఏమీ లేదు. నేను నమస్కారం పెట్టాను, ఇద్దరికీ సరిపోయింది.

మెజూజా పరీక్షించిన గంటసేపు ఈ సేవ మొత్తంలో నాకు అత్యంత విలువైనది. ఆయన బల్ల తుడిచి, తెల్లగుడ్డ పరిచి, గొట్టం కొనను చిన్న పరికరంతో విప్పి చుట్టను బయటికి తీశారు. మొదట వీపు భాగం చూపించారు. అక్కడ 'షద్దాయి' అని రాసి ఉన్నది. మన ప్రాంతంలో చర్చి గోడల మీద, ఆటోల వెనక 'ఎల్ షద్దాయి' అని చూసిన మాటే అది. ఇంకొంచెం కిందికి తలకిందులుగా పద్నాలుగు అక్షరాల అర్థంకాని వరుస ఒకటి ఉన్నది. పత్రం లోపలి వైపున ఉన్న 'ప్రభువు మన దేవుడు, ప్రభువు' అన్న మాటలలోని ప్రతి అక్షరానికి బదులు అక్షరమాలలో దాని తర్వాతి అక్షరం వేసి రాస్తే ఆ వరుస వస్తుందని ఆయన వేలితో గాలిలో చూపిస్తూ వివరించారు. ఇది తూర్పు ఐరోపా యూదుల ఆనవాయితీ. దాన్ని బట్టే ఆ కుటుంబం పూర్వీకులు ఎటువైపు నుండి వచ్చి ఉంటారో ఆయన ఊహించారు.

తర్వాత చుట్టను రెండు వైపులా గాజు బరువులు పెట్టి తెరిచారు. మెజూజా పత్రంలో 22 వరుసలు, 713 అక్షరాలు ఉంటాయి. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోని 4 నుండి 9 వరకు వచనాలు, 11వ అధ్యాయంలోని 13 నుండి 21 వరకు వచనాలు వాటిలోని పాఠం. 'వీటిని నీ ఇంటి ద్వారబంధముల మీద రాయాలి' అన్న ఆజ్ఞ ఆ పాఠంలోనే రెండుచోట్లా ఉన్నది, అందుకే అది ద్వారబంధానికి చేరింది. ఆహారానికి అనుమతించిన జాతి జంతువు చర్మం మీద, మాచికాయలు, అన్నభేది, తుమ్మజిగురు వంటి బంక కలిపి చేసిన నల్ల సిరాతో, ఈక కలంతో రాస్తారు. స్పెయిను మూలాల యూదులైన సెఫార్ది లేఖకులు రెల్లు కలం వాడుతారు. ముందుగా మొనదేలిన పనిముట్టుతో సిరా లేని గీతలు గీసుకుని, అక్షరాలను ఆ గీతలకు వేలాడదీసినట్టు రాస్తారు. ఏ అక్షరమూ పక్క అక్షరాన్ని తాకకూడదు, ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ చర్మం కనిపించాలి. దేవుని పేరు రాసే ప్రతిసారీ లేఖకుడు ఆగి, పేరు పవిత్రత కోసమే రాస్తున్నానని నోటితో చెప్పి రాయాలి. ఇవన్నీ ఆయన నాకు ఉపన్యాసంలా చెప్పలేదు. పత్రం మీద ఒక్కొక్క చోట భూతద్దం నిలిపి, "ఇక్కడ చూడండి" అంటూ చూపించారు. నేను పత్రాన్ని తాకలేదు, ఆయన తాకమని అనలేదు.

మా పత్రం చెల్లదని తేలింది. కారణం ఒకే ఒక అక్షరం. మొదటి వచనంలోని చివరి మాట 'ఎహాద్', అంటే ఒక్కడు. దాని చివర ఉన్న 'దాలెత్'ను మామూలు కంటే పెద్దదిగా రాస్తారు, ఎందుకంటే దాలెత్‌కు, దానిని పోలిన 'రేష్'కు ఉన్న తేడా పైన కుడిమూల పదును మాత్రమే. ఆ మూల గుండ్రబడితే 'ఎహాద్' కాస్తా 'అహేర్' అవుతుంది, అంటే మరొకడు. మన అక్షరాల్లో ప పొట్టలో చిన్న గీత పెడితే ష అయినట్టు, ఇక్కడ ఒక మూల పగిలితే మొత్తం మతానికి ఆధారమైన వాక్యమే తలకిందులవుతుంది. తేమకు, పెయింటు వేడికి మా పత్రంలో సరిగ్గా ఆ మూలలోనే సిరా పెచ్చు ఊడిపోయింది. కలంతో ఆ మూలను తిరిగి దిద్దకూడదా అని అడిగాను. సిరా కేవలం వెలిసి, అక్షరం ఆకారం మిగిలి ఉంటే దిద్దవచ్చట. ఆకారమే పోతే కుదరదు. మెజూజా, తెఫిలీన్ అక్షరాలను మొదటి నుండి చివరి వరకు వరుస తప్పకుండా రాయాలి, ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఒక అక్షరాన్ని కొత్తగా చేస్తే వరుస తప్పినట్టే. తోరా చుట్టకు ఈ నిబంధన లేదు, దానిలో 304,805 అక్షరాలున్నా ఎక్కడి తప్పును అక్కడ దిద్దుకోవచ్చు.

ఇంత తెలిసినా ఆయన ఒంటరిగా తీర్పు చెప్పలేదు. ఆకారం నిజంగా పోయిందా, కొంత మిగిలిందా అన్న సందేహం ఉన్నప్పుడు చిన్న పిల్లవాడిని పిలిచి ఆ అక్షరం ఏదో చదవమని అడగడం వారి శాస్త్రంలోనే ఉన్న పద్ధతి. ఆ పిల్లవాడు మరీ తెలివైనవాడు కాకూడదు, ఎందుకంటే వాక్యార్థాన్ని బట్టి ఊహించి చెబుతాడు. అక్షరాలు గుర్తుపట్టలేని వాడూ కాకూడదు. ముందు గదిలో ఉన్న ఆయన కుమారుడు, ఆరేడేళ్ళ బాబు వచ్చి, చుట్టూ కాగితం కప్పి చూపిన ఆ ఒక్క అక్షరాన్ని చూసి 'రేష్' అన్నాడు. లేఖకుడు తల ఊపి, ఇక చెల్లదన్నారు. కంప్యూటరు స్కానరు కూడా ఆ అక్షరాన్ని పట్టుకున్నది, కానీ తప్పిపోయిన అక్షరాలను వెతకడానికే యంత్రం పనికివస్తుందని, అక్షరాన్ని తేల్చడానికి మనిషి కళ్ళు, ఒక్కోసారి పిల్లవాడి కళ్ళు కావాలని ఆయన అన్నారు. యాభై ఏళ్ళో, అంతకంటే ఎక్కువో ద్వారబంధం మీద ఉన్న ఒక పత్రం గురించి, దాన్ని తెచ్చిన మనిషికి దానితో సంబంధం లేదని తెలిసీ, వారు తీసుకున్న ఈ శ్రద్ధకు నాకు కళ్ళు చెమర్చాయి.

చెల్లకపోయినా పత్రం పవిత్రత పోదు. వారానికి ఒకసారో, నెలకు ఒకసారో పాత పత్రాలను సేకరించి ఉంచే పెట్టెలోకి అది వెళుతుంది. నిజానికి అది మా ద్వారబంధం మీద మిగలవలసినది కాదు. ఇల్లు వదిలి వెళ్ళే యూదుడు, తర్వాత వచ్చేది యూదులైతే మెజూజాలు అక్కడే ఉంచాలని, ఇతరులైతే తీసుకువెళ్ళాలని ధర్మశాస్త్రం చెబుతుంది. దీనికి మూలం యూదుల ప్రాచీన ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్‌లోని బావా మెత్సియా భాగంలో ఉన్నది. మిగతా గుమ్మాలకు మేకుల గుర్తులు మాత్రమే ఉన్నాయి కాబట్టి వాళ్ళు తీసినవి తీశారు, పెయింటు కింద కనబడని ఇది మాత్రం ఉండిపోయింది. ఏడేళ్ళలో రెండుసార్లు తీసి పరీక్షించాలన్న నియమం ఎందుకు పెట్టారో ఆ పెచ్చు ఊడిన మూలను చూస్తే అర్థమైంది.

తెఫిలీన్ విషయం త్వరగా తేలింది. నల్లని తోలు పెట్టెలు చతురస్రం చెడకుండా ఉన్నాయి, లోపలి నాలుగు వాక్యభాగాల పత్రాలు బాగున్నాయి, పట్టీలు మాత్రం మార్చాలి. బాగుచేసి కొనలేని వారికి ఇవ్వడానికి నా అనుమతి అడిగారు, సంతోషంగా ఇచ్చాను.

పుస్తకాలను వేరుచేయడానికి రెండోసారి వెళ్ళాను. ఏది దాచాలి, ఏది మామూలు కాగితంతో పారేయవచ్చు అన్నది తేల్చడం ఈ సేవలో మరో ముఖ్యభాగం. ద్వితీయోపదేశకాండం 12వ అధ్యాయంలో అన్యదేవతల పేర్లను చెరపమని చెప్పి, వెంటనే 'మీ దేవుడైన ప్రభువుకు అలా చేయకూడదు' అని ఉన్నది. దాని మీద ఆధారపడి, చెరపకూడని పేర్ల జాబితాను తాల్ముద్, ఆ తర్వాత 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ నిర్ణయించారు. ఆ పేర్లున్న ప్రార్థన పుస్తకాలు, పేజీలు, జిరాక్సు ప్రతులు కూడా పెట్టెలోకి వెళ్ళాయి. సమాచార పత్రికలను ఆయన ఒక్కొక్కటి తిరగేసి, హీబ్రూ వాక్యాలు అచ్చయిన రెండింటిని మాత్రం పక్కన పెట్టారు. పుస్తకాలను పేర్చేటప్పుడు తోరా ఐదు కాండాలున్న 'హుమాష్'ను అన్నిటికంటే పైన ఉంచారు. నేను ఒక ప్రార్థన పుస్తకాన్ని బోర్లా పెడితే ఏమీ అనకుండా తిప్పి పెట్టారు. రెండోసారి నేనే జాగ్రత్తపడ్డాను.

ఈ సమయంలో నా నోటి వెంట ఒక పొరపాటు దొర్లింది. హీబ్రూలో నాలుగక్షరాలున్న దేవుని పేరును తెలుగు బైబిలులో 'యెహోవా' అని రాస్తారు. 'యెహోవా నా కాపరి' అన్న వాక్యం మన ఊళ్ళలో ఇళ్ళ మీద, బస్సుల మీద చూసి పెరిగిన నాకు ఆ మాట సహజంగా వస్తుంది. ఒక పేజీ చూపిస్తూ ఆ పేరును అలాగే పలికాను. ఆయన ముఖం ఒక్క క్షణం మారింది, తర్వాత నెమ్మదిగా, "మేము ఆ అక్షరాలను ఉచ్చరించం. ప్రార్థనలో 'అదొనాయ్' అంటాం, మామూలు మాటల్లో 'హాషేమ్', అంటే 'ఆ పేరు' అంటాం" అని చెప్పారు. ఆ తర్వాత నేను ఆ గదిలో 'హాషేమ్' అనే అన్నాను. నమ్మని దేవుడి పేరును ఒక విధంగా కాక మరొక విధంగా పలకడం వల్ల నా నిజాయితీకి భంగం కలుగుతుందని నేను అనుకోవడం లేదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవని ఇంట్లో పెరిగిన మనకు ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. మరి తెలుగు లిపిలో రాసిన 'యెహోవా' కూడా పెట్టెలోకి వెళ్ళాలా అని అడిగాను. హీబ్రూ కాని భాషలో రాసిన పేరుకు చెరపకూడదన్న నిషేధం పూర్తిగా వర్తించదని చాలామంది పండితుల అభిప్రాయమని, అయినా మురికిలో పారేయకూడదని సమాధానమిచ్చారు.

నా తరగతి నోటుపుస్తకం గురించి కూడా అడిగాను. అభ్యాసం కోసం వచనాలను ఎత్తిరాసినప్పుడు ఆ పేరును నేను పూర్తిగా రాసేశాను. ఇక్కడ నాకు తెలియని కఠినమైన సంగతి ఒకటి తెలిసింది. తాల్ముద్‌లోని గిట్టీన్ భాగం ప్రకారం, మతాన్ని తిరస్కరించిన యూదుడు రాసిన తోరా చుట్టను కాల్చివేయాలి, యూదేతరుడు రాసిన దాన్ని దాచివేయాలి. ఏ ఉద్దేశంతో రాశారన్నది అక్షరంలో చేరి ఉంటుందని వారి నమ్మకం. ఆయన దీన్ని దాచకుండా చెప్పారు, నేను నొచ్చుకోలేదు. నేను రాసినది చుట్ట కాదు, బడి నోటుపుస్తకం. ఆ పేజీలు పెట్టెలో వేయమని, ఇక మీదట ఆ పేరు వచ్చిన చోట 'హే' అక్షరం రాసి పక్కన చిన్న గుర్తు పెట్టమని సలహా ఇచ్చారు. సంఖ్యలను అక్షరాలతో రాసేటప్పుడు 15కు పదీ ఐదూ కాక తొమ్మిదీ ఆరూ, 16కు తొమ్మిదీ ఏడూ వేయమని మా తరగతిలో నేర్పింది కూడా ఇందుకేనని, లేకపోతే ఆ పేరులోని ముక్కలు ఏర్పడతాయని అప్పుడు వివరంగా చెప్పారు. వారాంతానికి నా రాత మార్చుకున్నాను.

ఒక విషయంలో నేను కొంత వాదించాను. ఇంత పాత పుస్తకాలను పూడ్చిపెడితే చరిత్ర పోతుంది కదా అని నా బాధ. పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరంలో ఇలాగే దాచిన కాగితాల గది నుండి పండితుడు సోలమన్ షెక్టర్ 1896, 97లలో తరలించిన సంచయం ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నది. అందులో దాదాపు 193,000 ముక్కలున్నాయి. దేవుని పేరున్న కాగితాలే కాదు, హీబ్రూ అక్షరాలలో అరబ్బీ భాష రాసిన వర్తకుల లెక్కలు, ఉత్తరాలు కూడా ఆ గదిలో చేరాయి. 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండి కంచు పాత్రల పనిశాల నడిపిన అబ్రహాం బెన్ యిజూ ఉత్తరాలు మనకు తెలిసింది అందువల్లనే. ఏడెన్ నుండి ఆయనకు పంపిన సరుకుల్లో రాసుకునే కాగితం కూడా ఉండేది. ఆ గదిని ఎవరైనా పూడ్చి ఉంటే మన పడమటి తీరం చరిత్రలో ఒక అధ్యాయమే ఉండేది కాదు. లేఖకుడు నా మాట ఓపికగా విన్నారు. ఇలాంటి కాగితాలు దాచే చోటును పిలిచే 'గెనీజా' అన్న మాటకే దాచడమని అర్థమని, పూడ్చడం దాని తర్వాతి దశ అని అన్నారు. ఆ తర్వాత ఆయన చేసిన పనిని మెచ్చుకోవాలి. ప్రతి పుస్తకం మొదటి, చివరి ఖాళీ పేజీలు తెరిచి చూసి, ఒక దాని మీద మూడు తరాల జనన మరణ తేదీలు చేతితో రాసి ఉండటం గమనించి, దాన్ని పెట్టెలో వేయకుండా నా చేతికిచ్చారు. వారసులకు ఆ పేజీ ఫోటో పంపించాను. ఈసారి రెండు రోజుల్లో వాళ్ళే వచ్చి ఆ పుస్తకాన్ని తీసుకువెళ్ళారు.

లోపాలు కూడా చెప్పాలి. ధర సంగతి రెండోసారి వెళ్ళేదాకా ఎవరూ చెప్పలేదు. పెట్టెకు 25 డాలర్లు, మెజూజా పరీక్షకు విడిగా కొంత తీసుకున్నారు. జరిగిన పనికి అది ఎక్కువ కాదు, కానీ ముందుగా చెప్పడం మర్యాద. గోడ మీది పలకలో 'షేమోస్ తీసుకోబడును' అని మాత్రమే ఉన్నది. 'పేర్లు' అని అర్థమున్న ఆ మాటను ఇలాంటి కాగితాలకు వాడతారని యూదుడు కాని మనిషికి ఎలా తెలుస్తుంది? నావంటి వాళ్ళ కోసం ఒక్క పేజీ సూచనలు అచ్చువేసి పెడితే చాలా మేలు జరుగుతుందని చెప్పాను, ఆలోచిస్తామన్నారు. రసీదు కూడా అడిగితేనే ఇచ్చారు. పని వేళలు ఫోన్‌లో కనుక్కోవడం మంచిది, శుక్రవారం మధ్యాహ్నం నుండి శనివారం రాత్రి వరకు ఎలాగూ తెరవరు. ఇంకొక ప్రశ్న తప్పక అడగండి: చివరికి వీటిని ఎక్కడ పూడుస్తారు? న్యూజెర్సీలో లేక్‌వుడ్ ప్రాంతంలో ఇలాంటి కాగితాలను సంచుల్లో పెద్ద ఎత్తున పూడ్చినందుకు రాష్ట్ర పర్యావరణ శాఖతో వివాదం వచ్చింది. నేను అడిగితే వీరు వెనుకాడకుండా శ్మశానం పేరు చెప్పి, అక్కడ ఇందుకోసం కేటాయించిన స్థలం ఉన్నదని కాగితం చూపించారు. పాడైన తోరా చుట్టను మట్టికుండలో పెట్టి పండితుని సమాధి పక్కన పూడ్చాలని తాల్ముద్‌లో ఉన్నది, చుట్టలకు ఇప్పటికీ ఆ పద్ధతే పాటిస్తామని చెప్పారు.

ఎడిసన్, హైలాండ్ పార్కు చుట్టుపక్కల ఇళ్ళు కొంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, కాబట్టి ఇది నా ఒక్కరి సమస్య కాదు. గుమ్మానికి అలాంటి గొట్టం కనిపిస్తే రంగు వేసేయకండి, ఊడబెరికి పారేయకండి, అందంగా ఉన్నదని ఉంచుకోకండి. దగ్గరలోని ఏ ప్రార్థనామందిరానికి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే చిన్న తెలుగు సమాజం హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుని చదువుకుంటున్నది. ఆ సంగతి చెబితే లేఖకుడు పని ఆపి ఎన్నో ప్రశ్నలు అడిగారు, తెలుగు అక్షరాలు ఎలా ఉంటాయో రాసి చూపించమన్నారు. ఆయన ఇచ్చిన కాగితం మీద అ నుండి ఱ వరకు రాశాను. గుండ్రంగా ఉన్నాయని, ఈక కలంతో రాయడం కష్టమని అన్నారు. తాటాకు మీద గంటంతో రాసినవని, సూటి గీతలైతే ఆకు చీలుతుందని చెబితే ఆ కాగితాన్ని మడిచి సొరుగులో భద్రంగా పెట్టుకున్నారు.

మూడోసారి వెళ్ళింది రసీదు కోసం. మా పెట్టె మీద తేదీ, మా వీధి పేరు రాసి, మిగతా పెట్టెల వరుసలో నేల తగలకుండా చెక్క మీద ఉంచారు. గది నిండిన తర్వాత అన్నిటినీ శ్మశానానికి తీసుకువెళతారు. ఆ రోజు ఎవరైనా రావచ్చా అని అడిగాను. మట్టి వేయడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే ఉంటారని, ఎవరు వచ్చినా మంచిదేనని ఆయన అన్నారు. వస్తానని చెప్పి రసీదు వెనక నా ఫోన్ నంబరు రాసిచ్చాను.